మందు చల్లు విమానము: నేల విడుచునప్పటి ప్రమాదములు

పైరుపై మందు చల్లు విమానమునకు అపాయము ఎప్పుడు కలుగునని అడిగినచో, పెక్కుమంది పొలముపై తక్కువ ఎత్తున తిరుగునప్పుడని చెప్పుదురు. చెట్లకును కరెంటు తీగలకును నడుమ ఎగురుట అపాయకరమనుటలో సందేహము లేదు. కాని అంతకుముందే, ఒక్క చుక్క మందైనను పైరుపై పడకమునుపే, అంతటి అపాయము గల నిమిషము మరియొకటి కలదు. అది విమానము నిండు బరువుతో నేల విడుచు నిమిషము.

పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట ఎందుకను ప్రశ్న రావచ్చును. దానికి రెండు సమాధానములు కలవు. మొదటిది: ఇట్టి ప్రమాదములకు కారణములు చాలవరకు ఆకాశములో గాక నేలమీదనే పుట్టుచున్నవి. ఎంత బరువు ఎక్కించవలెను, ఏ దిక్కునకు పరుగెత్తవలెను, ఎవరు ఎంత దూరమున నిలువవలెను అను నిర్ణయములన్నియు చక్రము కదలకముందే జరుగును. రెండవది: నేడు మన గ్రామములలో రెక్కల విమానములు కానరాకపోయినను, వాటి పనిని డ్రోన్లు చేయుచున్నవి. బరువుతో నేల విడుచు యంత్రమునకు వర్తించు సూత్రములు పెద్ద విమానమునకును చిన్న డ్రోన్‌కును చాలవరకు ఒక్కటే. కావున ముందుగా విమానముల అనుభవమును పరిశీలించి, పిమ్మట మన పొలము గట్టునకు వత్తుము.

ఈ పని మొదలైన విధము

1921 ఆగస్టు 3వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో, ట్రాయ్ అను ఊరి దగ్గర, కటాల్పా చెట్ల తోటను గొంగళిపురుగుల నుండి కాపాడుటకు విమానము నుండి ఆర్సెనిక్‌తో కూడిన విషపు పొడిని చల్లిరి. విమానమును నడిపినవాడు సైన్యములో లెఫ్టినెంటుగా ఉన్న జాన్ మెక్‌రెడీ. అది సైనికులకు శిక్షణ ఇచ్చుటకు నిర్మించిన కర్టిస్ జెన్నీ విమానము. విమానమును సేద్యమునకు వినియోగించుట ఈ ప్రయత్నముతోనే ఆరంభమైనదని చెప్పుదురు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఈ పని విస్తరించెను. న్యూజిలాండు దేశములో గొఱ్ఱెలు మేయు కొండవాలులకు బండ్లు పోవు దారి లేదు. అచ్చటి గడ్డినేలలకు సూపర్ ఫాస్ఫేటు ఎరువును విమానము ద్వారా వెదజల్లు వ్యాపారము 1949లో మొదలైనది. యుద్ధకాలములో శిక్షణకు వాడిన టైగర్ మాత్ విమానములను చౌకగా కొని, ముందరి ఆసనము తీసివేసి, దాని స్థానములో ఎరువు తొట్టిని అమర్చిరి. కొండల మీదనే చిన్న చిన్న పరుగుబాటలను చదును చేసిరి. విమానము దిగుట, తొట్టి నిండుట, తిరిగి ఎగురుట కొద్ది నిమిషములలో జరిగిపోవును. ఆ విధముగా ఒక్క దినములోనే పదుల పర్యాయములు నేల విడువవలసి వచ్చును.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. ప్రయాణీకుల విమానము పొడవైన, గట్టిబాటపై దినమునకు కొన్ని పర్యాయములు మాత్రమే ఎగురును. సేద్యపు విమానము మట్టిబాటపై, పొట్టిబాటపై, ప్రతి పర్యాయమును నిండు బరువుతో ఎగురును. వచ్చునప్పుడు ఖాళీగా వచ్చును. పోవునప్పుడు బరువుతో పోవును. దిగుటకు చాలిన బాట ఎగురుటకు చాలదు. ఈ సంగతిని మరచుటయే అనేక ప్రమాదములకు మూలము.

బరువు, వేడి, గడ్డి, వాలు, గాలి

రెక్కమీదుగా గాలి వేగముగా సాగినప్పుడే విమానము పైకి లేచును. బరువు పెరిగినకొలది ఎక్కువ వేగము కావలెను. ఎక్కువ వేగమునకు ఎక్కువ పరుగు కావలెను. అదే సమయములో బరువైన విమానము వేగమును మెల్లగా అందుకొనును. అనగా బరువు రెండు వైపుల నుండి దెబ్బ తీయును.

బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానముల పైలట్లకు కొన్ని సులభమైన లెక్కలను ఇచ్చినది. విమానము కదలినది మొదలు 50 అడుగుల ఎత్తు చేరువరకు కావలసిన దూరము ఈ క్రింది విధముగా పెరుగును.

బరువు 10 శాతము పెరిగినచో దూరము 20 శాతము పెరుగును.
వేడి 10 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినచో 10 శాతము పెరుగును.
సముద్రమట్టము నుండి ప్రతి 1,000 అడుగుల ఎత్తునకు 10 శాతము పెరుగును.
జానెడు లోపు పొడి గడ్డి ఉన్నచో 20 శాతము, తడి గడ్డి అయినచో 30 శాతము పెరుగును.
నేల మెత్తగా ఉన్నచో 25 శాతము గాని అంతకు మించి గాని పెరుగును.
100 మీటర్లకు 2 మీటర్లు ఎగువవాలు ఉన్నచో 10 శాతము పెరుగును.
నేల విడుచు వేగములో పదవ వంతు వేగముతో వెనుక నుండి గాలి వీచినచో 20 శాతము పెరుగును.

వీటిలో ఏ ఒక్కటియు విడిగా భయపెట్టునట్లు తోచదు. కాని ఇవి ఒకదానితో నొకటి కూడుట లేదు. ఒకదానిని ఒకటి హెచ్చించుకొనుచున్నవి. ఒక విమానమునకు 15 డిగ్రీల చల్లని దినమున, చదునైన గట్టిబాటపై, గాలి లేనప్పుడు 400 మీటర్లు చాలుననుకొందము. బరువును 10 శాతము పెంచినచో 480 మీటర్లు కావలెను. ఎండ 35 డిగ్రీలైనచో 581 మీటర్లు. బాటపై పొడి గడ్డి ఉన్నచో 697. పైన చెప్పిన ఎగువవాలు ఉన్నచో 767. వెనుక గాలి కూడ తోడైనచో 920 మీటర్లు. ఉదయము 400 మీటర్లలో లేచిన విమానమే, మధ్యాహ్నము ఒక పదవ వంతు బరువు అధికముగా వేసినందున, గాలి మరలినందున, రెండింతలకు మించిన దూరమును కోరుచున్నది. ఈ మొత్తముపై మరియొక మూడవ వంతును రక్షణకై కలుపుకొనుడని ఆ సంస్థయే హెచ్చరించుచున్నది. అప్పుడు లెక్క 1,200 మీటర్లు దాటును.

ఇక ఇదే లెక్కను తిరుగవేయుదము. అధికముగా వేసిన బరువును తీసివేసి, బాట రెండవ కొన నుండి, గాలికి ఎదురుగా, దిగువవాలున పరుగెత్తినచో 920 మీటర్లు 581కి తగ్గును. ఇందుకు ఖర్చు లేదు, కొత్త యంత్రము అక్కరలేదు. ఒక పర్యాయములో చల్లునది కొంత తగ్గును, అంతమాత్రమే.

నేల దగ్గర కలుగు భ్రాంతి

బరువైన విమానము నేలను అంటిపెట్టుకొని ఉన్నప్పుడు ఒక భ్రాంతి కలుగును. రెక్కల పొడవునకు లోబడిన ఎత్తులో విమానమును వెనుకకు లాగు గాలి నిరోధము కొంత తగ్గును. అందుచేత నిజముగా ఎగురుటకు చాలిన వేగము లేకున్నను చక్రములు నేలను విడుచును. చూచువారు లేచినదనుకొందురు. పైలటు కూడ అట్లే తలచును. కాని మరికొంచెము పైకి పోయినంతనే ఆ సహాయము తొలగిపోవును. విమానము పైకి పోలేదు, వేగమును పెంచుకొనలేదు. ఎదుట చెట్ల వరుసయో, తీగలో, కాలువ గట్టో కనబడును.

అట్టి సమయమున పైలటుకు రెండు ప్రేరణలు కలుగును. ఒకటి, విమానపు ముక్కును ఇంకను పైకి ఎత్తుట. రెండు, అడ్డమును తప్పించుకొనుటకు ఒక ప్రక్కకు ఒరిగి తిరుగుట. రెండును అపాయకరములే. ముక్కును ఎత్తినకొలది వేగము తగ్గును. విమానము 60 డిగ్రీలు ఒరిగి తిరిగినచో, గాలిలో నిలుచుటకు కావలసిన కనీస వేగము 41 శాతము పెరుగును. చాలని వేగముతో ఉన్న విమానము ఒరిగినచో రెక్క పట్టు తప్పి కూలును. ఎత్తు లేనందున తిరిగి సరిచేసికొనుటకు వ్యవధి ఉండదు.

ఇంజను ఆగినప్పటి విషయము కూడ ఇట్టిదే. నేల విడిచిన వెంటనే ఇంజను ఆగినచో వెనుకకు తిరిగి బాటను చేరుకొనవలెనని మనస్సు కోరును. తగినంత ఎత్తు లేనప్పుడు అది సాధ్యము కాదు. ఎదుట ఉన్న నేలలో, వీలైనంత తిన్నగా దిగవలెననుటయే పైలట్లకు నేర్పు నియమము. కావుననే బాట చివర ఎదురుగా ఉన్న నేల ఖాళీగా ఉండుట ముఖ్యము. అచ్చట జనము గుమిగూడియున్నచో, బండ్లు నిలిపియున్నచో, పైలటుకు దిగుటకు చోటు లేదు.

బరువును జారవిడుచు ఉపాయము

సేద్యపు విమానమునకు తక్కిన విమానములకు లేని ఒక రక్షణ కలదు. అది తన బరువును ఒక్కసారిగా జారవిడువగలదు. తొట్టి అడుగు తలుపును తెరచినచో మందో ఎరువో క్రింద పడిపోవును. విమానము తేలిక పడి పైకి లేచును. జనము దట్టముగా ఉన్న చోట్ల పనిచేయు కొన్ని తరగతుల విమానములకు, తొట్టి బరువులో కనీసము సగమును 45 సెకండ్లలో విడువగల సాధనము ఉండవలెనని అమెరికా నియమములు చెప్పుచున్నవి.

అయినను ఈ రక్షణ రెండు విషయములపై ఆధారపడియున్నది. మొదటిది, లోపలి సరకు జారవలెను. తేమ తగిలి గడ్డకట్టిన ఎరువు, మెత్తని సున్నపు పొడి తొట్టిలోనే అంటుకొనిపోవును. తలుపు తెరచినను బరువు దిగదు. ఎరువును వర్షమునకు వదలినవాడు గోదామువాడు కావచ్చును. దాని ఫలితమును అనుభవించువాడు పైలటు. రెండవది, పైలటు తగిన సమయములో నిర్ణయింపవలెను. సరకు ఖరీదైనది, రైతు చూచుచున్నాడు, ఇంకొక క్షణములో లేచిపోవునేమో అను ఆశతో చేయి వెనుకాడును. ఆ వెనుకాడుటయే ప్రాణాపాయము. అందువలన చాలామంది పైలట్లు ముందే ఒక గుర్తు పెట్టుకొందురు: బాటలో సగము దూరము పోవునప్పటికి నేల విడుచు వేగములో 70 శాతము రానిచో ఆ పరుగును మానివేయవలెను. నిర్ణయము పరుగునకు ముందే జరిగినచో పరుగులో సందేహమునకు తావుండదు.

యంత్రనిర్మాతలును తమ వంతు చేసిరి. పాత యుద్ధ విమానములు ఈ పనికి తగవని గ్రహించి, ఫ్రెడ్ వీక్ అను ఇంజనీరు టెక్సస్ రాష్ట్రములోని ఒక కళాశాలలో సేద్యమునకే ప్రత్యేకించిన ఏజీ-1 అను విమానమును నిర్మించెను. అది 1950లో ఎగిరెను. తొట్టిని ముందును, పైలటును దాని వెనుక ఎత్తైన చోటను ఉంచిరి. కూలినప్పుడు ముందరి భాగము నలిగి దెబ్బను తాను గ్రహించును. పైలటు కూర్చున్న భాగము గట్టిగా నిలుచును. తరువాత ఆయనయే రూపొందించిన పైపర్ పానీ విమానములోను ఇదే అమరిక కలదు. ప్రమాదము జరిగినను ప్రాణము నిలుపు ఈ పద్ధతిని నేటి సేద్యపు విమానములును అనుసరించుచున్నవి.

కంటికి కనబడని కారణములు

ఇంధనములో నీరు చేరినచో ఇంజను సరిగా నేల విడుచు వేళనే తడబడవచ్చును. అందుచేత ప్రతి ఉదయమును ట్యాంకు అడుగు నుండి కొంచెము ఇంధనమును తీసి చూచుట ఆచారము. ద్రవపు మందు సగము నింపిన ట్యాంకులో అటునిటు ఊగును. కడవ నిండుగా ఉన్నప్పటికంటె సగము ఉన్నప్పుడే ఎక్కువ తొణకునని మన స్త్రీలకు తెలియును. ఆ ఊపు విమానపు సమతూకమును చెరచును. అందుకొరకే ట్యాంకు లోపల అడ్డుపలకలను అమర్చుదురు.

అలసట మరియొక కారణము. ఋతువు కొద్ది దినములే. పురుగు ఎవరి కొరకును ఆగదు. సూర్యోదయము నుండి పనిచేసిన మనిషికి ఇరువదవ పరుగును ముప్పదవ పరుగును ఒకే తీరుగా కనబడును. మందు విషము కూడ లెక్కింపదగినదే. ఆర్గానో ఫాస్ఫరస్ జాతి మందులు చర్మము ద్వారా, ఊపిరి ద్వారా లోనికి పోయి తలతిప్పటను, చూపు మసకను కలిగించును. మందు కలుపువాడే యంత్రమును నడుపువాడైనచో ఆ అపాయము రెట్టింపగును.

మన దేశములో

మన దేశములోను సేద్యపు విమానము నిర్మింపబడినది. బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ రూపొందించిన ఆ విమానమునకు బసంత్ అని పేరు. తుది రూపములో అది 1972లో మొదట ఎగిరెను. కొన్ని పదుల సంఖ్యలో తయారైన పిమ్మట దాని నిర్మాణము ఆగిపోయినది. 2020లో రాజస్థాన్‌లో మిడతల దండును అణచుటకు ప్రభుత్వము హెలికాప్టరును, డ్రోన్లను వినియోగించినది.

ఆకాశము నుండి మందు చల్లుటకు 1968 నాటి క్రిమిసంహారిణుల చట్టము క్రింద 1971లో చేసిన నియమములు వర్తించును. వాటిలో 43వ నియమమును పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. దాని ప్రకారము చల్లవలసిన ప్రదేశమునకు గుర్తులు పెట్టు బాధ్యత చల్లువారిది. ఆమోదించిన మందులనే, ఆమోదించిన మోతాదులో, ఆమోదించిన ఎత్తు నుండి చల్లవలెను. కడుగుకొనుటకును ప్రథమ చికిత్సకును ఏర్పాట్లు చేయవలెను. కనీసము 24 గంటలు ముందుగా అధికారుల ద్వారా ప్రజలకు తెలియజేయవలెను. పనికి సంబంధము లేని మనుష్యులను, పశువులను నిర్ణీత కాలము వరకు ఆ ప్రదేశములోనికి రానీయరాదు.

2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము డ్రోన్ల నియమావళిని ప్రకటించినది. 2 కిలోలకు మించిన డ్రోన్‌ను నడుపువారికి రిమోట్ పైలటు ధ్రువపత్రము ఉండవలెను. 2023 నవంబరులో 15,000 మహిళా స్వయం సహాయక సంఘములకు డ్రోన్లను సమకూర్చు పథకమును కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది. అనగా మన అక్కచెల్లెండ్రే పైలట్లగుచున్నారు. వారి క్షేమము మన బాధ్యత.

డ్రోన్ నేల విడుచునప్పుడు

డ్రోన్‌కు పరుగుబాట అక్కరలేదు. అంతమాత్రమున నేల విడుచు వేళ అపాయము లేదనుకొనరాదు. విమానమును రెక్క మోయును. డ్రోన్‌ను దాని మోటార్లే మోయవలెను. నిండు ట్యాంకుతో లేచునప్పుడు అవి తమ శక్తిలో అధిక భాగమును వినియోగించును. 10 లీటర్ల నీరు 10 కిలోల బరువు. తయారీదారు నిర్ణయించిన బరువునకు మించి నింపినను, బ్యాటరీ పూర్తిగా ఎక్కకున్నను, గాలి ఉద్ధృతముగా వీచినను మిగులు శక్తి ఉండదు. డ్రోన్ లేచినట్లే లేచి ప్రక్కకు కొట్టుకొనిపోవును. దాని పంకాలు కత్తులవలె తిరుగుచుండును. ట్యాంకులో విషము నిండియుండును. చుట్టును పిల్లలు మూగి చూచుచుందురు. ఈ మూడును ఒక్కచోట చేరుటయే మనము నివారింపవలసిన ప్రమాదము.

పంచాయతీలు చేయదగిన పనులు

1. డ్రోన్ లేచుటకును దిగుటకును ఊరికి, బడికి, మంచినీటి బావికి దూరముగా, చదునైన ఖాళీ స్థలములను ముందే గుర్తింపవలెను. పైన గాని ప్రక్కన గాని కరెంటు తీగలు ఉండరాదు.

2. గ్రామములోని తీగలు, స్తంభములు, బోరు మోటార్ల కనెక్షన్లు ఎచ్చటెచ్చట ఉన్నవో ఒక పటము వ్రాసి పైలటుకు చూపవలెను. సన్నని తీగ దూరము నుండి కనబడదు. ఊరివారికి మాత్రమే తెలియును.

3. చల్లుటకు ముందు దినమున దండోరా వేయించవలెను. మైకు ద్వారా గాని ఫోను సందేశము ద్వారా గాని తెలిపినను సరే. ప్రతి ఇంటికి అందవలెను.

4. లేచు స్థలము చుట్టును తాడు గాని సున్నపు గీత గాని వేసి, పిల్లలను, పశువులను లోనికి రానీయక కాపలా పెట్టవలెను. యంత్రమునకు ఎంత దూరమున నిలువవలెనో తయారీదారు పుస్తకములో చూచి ఆ ప్రకారము గీత వేయవలెను.

5. పైలటు ధ్రువపత్రమును, డ్రోన్ గుర్తింపు సంఖ్యను, మందు పేరును వ్రాసియుంచవలెను.

6. మందు కలుపుటకు వేరొక మనిషిని ఏర్పాటు చేయవలెను. చేతి తొడుగులు, ముఖమునకు ముసుగు, సబ్బు, నీరు సిద్ధముగా ఉండవలెను.

7. పైలటు ఈ దినము గాలి అనుకూలము కాదన్నను, బరువు తగ్గింపవలెనన్నను ఎవరును ఒత్తిడి చేయరాదు. ఈ విషయమును గ్రామసభలో తీర్మానముగా వ్రాసికొనుట మంచిది.

ఈ చివరి అంశమే అన్నింటికంటె ముఖ్యమైనది. ఇంకొక బస్తా వేయుడు, ఇంకొక ఎకరము ముగించుడు అను మాట పైలటు నోట పుట్టునది కాదు. అది పైరును చూచి బెంగపడు రైతు మాట, కిరాయి లెక్క చూచుకొను యజమాని మాట. ఆ బెంగ న్యాయమైనదే. కాని ఒక పర్యాయమునకు బదులు రెండు పర్యాయములు ఎగిరినచో పోవునది కొంత సమయము, కొంత ఖర్చు. ఒక పర్యాయము అధిక బరువుతో ఎగిరినచో పోవునది ప్రాణము కావచ్చును. ఈ బేరములో ఏది లాభమో మన గ్రామ పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

మన గ్రామములో తీగలు లేని ఖాళీ స్థలములు ఏవి? మందు చల్లు సంగతిని కూలీలకు, పశువుల కాపరులకు ముందు దినమున చేరవేయు ఏర్పాటు ఏది? మందు కలుపువారికి తొడుగులు, సబ్బు, నీరు ఎవరు సమకూర్చవలెను? పైలటు పని మానవలెనన్న దినమున రైతుకు నచ్చజెప్పు బాధ్యత ఎవరు వహించవలెను?